తాడుకి రెండో కొస

తాయారు బియ్యం చెరుగుతోంది. చేట లేచినప్పుడల్లా పొట్టు ఎగిరి వాకిట్లో పడాలి. కానీ ఏమీ పడటం లేదు. చెరిగిన బియ్యాన్నే ఆవిడ మళ్లీ మళ్లీ చెరుగుతోందని సుహాసిని కాసేపటికి గానీ గుర్తించలేదు.

అరుగు మీద ఎదురుగా కూర్చుని ఆ చేతులనే చూస్తోంది సుహాసిని. తొందరపడితే మనిషి మూసుకుపోతుంది. తొందరపడకపోతే సాయంత్రానికి ఎలీషా జైల్లో ఉంటాడు.

జరిగింది ఊరందరికీ తెలుసు. నిన్న తెల్లారేసరికి, తాయారు భర్త నరసింగరావు ఇంటి వెనక, వరి నారు పోసిన ఆకుమడి గట్టు మీద తల పగిలి పడున్నాడు. పక్క పొలం ఎలీషా ఆయన తల ఒళ్లో పెట్టుకుని కేకలు వేస్తుంటే జనం పరిగెత్తుకొచ్చారు. ఎలీషా చొక్కా నిండా రక్తం. పక్కన పడున్న పార కూడా ఎలీషాదే; ముందురోజు గట్టు మీదే వదిలేశానని అతనంటాడు. పైగా ముందురోజు సాయంత్రమే ఇద్దరికీ పెద్ద గొడవ. ‘నా ఆకుమడి మీద గడ్డిమందు కొట్టి మాడ్చీసినావు’ అని నరసింగరావు ఎలీషా మీదకి పోయాడు. ‘దేవుడి తోడు, నాను కొట్టలేదు’ అని ఎలీషా మొత్తుకున్నాడు. పోలీసులకి ఇంతకన్నా ఏం కావాలి? ఇవాళ సాయంత్రం ఎలీషాని కోర్టులో పెడతారు. శ్రీకాకుళం ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్న నరసింగరావు కన్నుమూస్తే అది హత్య కేసవుతుంది.

శ్రీకాకుళంలో సుహాసిని నడిపే చిన్న డిటెక్టివ్ ఆఫీసుకి నిన్న మధ్యాహ్నం ఎలీషా అక్క రూబీ ఏడుస్తూ వచ్చింది. ‘వ్యవసాయం చదివి ఇలా దొంగల వెనక పడ్డదేమిటి’ అని చుట్టాలు సుహాసినిని దెప్పుతూనే ఉంటారు. ఆ చదువు పనికొచ్చే కేసు ఇన్నాళ్లకి తగిలింది. రూబీని ఆసుపత్రి దగ్గర కాపలా పెట్టి, తను పాతపట్నం దాటి ఈ ఊరొచ్చింది.

“నిన్న మీ ఆయన ఆకుమడికి ఒక్కరే వెళ్లారా, తాయారక్కా?”

చేట ఆగింది. మళ్లీ లేచింది.

“ఒక్కుడే యెల్లినాడు. నాకు మోకాలు నొప్పి. గట్టు దిగలేకపోతన్నాను.”

“మీ తమ్ముడు త్రినాథ్?”

“ఆడు పాతపట్నంలో ఉంటాడు గదమ్మా. పురుగుమందుల కొట్టు ఆడిది. ఫోన్ సేస్తే అప్పుడొచ్చినాడు, బండేసుకొని. ఆడు లేకపోతే నిన్న నా గతేటి? ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆడే. రాత్రంతా పక్కన కూకున్నదీ ఆడే. ‘నువ్వింటికెల్లి పశువుల్ని సూసుకో అప్పా’ అని నన్ను పంపీసినాడు.”

సుహాసిని సంచిలోంచి స్టీలు టిఫిన్ డబ్బా తీసి మూత తెరిచింది. లోపల తడిగుడ్డ. దాని మీద నిన్న సాయంత్రం ఆకుమడిలో కోసిన వరి ఆకులు.

“ఇవి మీ మడిలో ఆకులే. రాత్రంతా తడిలో ఉంచాను. ఈ మచ్చ చూడండి, నూలుకండెలా రెండు వైపులా మొన తేలి ఉంది. మధ్యలో బూడిదరంగు నూగు కనిపిస్తోందా? నిన్న కోసినప్పుడు ఇది లేదు. రాత్రికి రాత్రి మొలిచింది. గడ్డిమందుకి మాడిన ఆకైతే ఈ మచ్చ ఇలా ఉండదు. ఇది బూజు తెచ్చే జబ్బు. అగ్గి తెగులు.”

తాయారు చేట ఒళ్లో పెట్టుకుంది.

“అగ్గి తెగులా! ఓలమ్మా, మరి రొండుసార్లు మందు కొట్టినాడు గదా! మా తమ్ముడి కొట్టులోదే. మంచి మందు.”

“మంచి మందు రెండుసార్లు పడితే ఈ నూగు ఇంత బాగా మొలవదక్కా. ఖాళీ పొట్లాలున్నాయా?”

“నిన్న మా తమ్ముడు ఏరి పట్టుకుపోనాడు. పశువులు నాకుతాయని.”

బావ తల పగిలి చావుబతుకుల్లో ఉంటే పెరట్లో పొట్లాలు ఏరుకున్నాడా! సుహాసిని గొంతు మాత్రం మారనివ్వలేదు.

“గడ్డిమందు అని మొదట అన్నదెవరు?”

“ఆడే. ఆకు సూసి అన్నాడు. సదువుకున్నోడు గదా...”

ఆ మాట పూర్తవకముందే వీధిలో జీపు ఆగింది. ఎస్సై గిరిబాబు దిగాడు. నిన్నటినుంచి ఇది మూడోసారి ఎదురుపడటం. రెండుసార్లూ మర్యాదగా కసిరాడు.

“ఏటి మేడం, ఇక్కడే మకామా? ఏటది, డబ్బాలో సద్దన్నమా? బూజు పట్టీసింది, పారబొయ్యండి.”

“పారబోస్తే మీ కేసు పోతుంది. బూజు కోసమే దాచాను.”

గిరిబాబు డబ్బాలోకి తొంగి చూసి పెదవి విరిచాడు.

“ఎలీషా ఇంట్లో గడ్డిమందు సీసా దొరికింది. సగం ఖాళీ.”

“ఈ ఊళ్లో గడ్డిమందు సీసా లేని రైతు ఇల్లు ఒక్కటి చూపించండి. ఇప్పుడే బస్సెక్కేస్తాను.”

“మీకు పొద్దు పోక ఆకులేరుకుంటన్నారు. నాకు సాయంత్రం కోర్టుంది.”

“ఆ కోర్టులోనే మీరు గడ్డిమందు అనగానే అవతలి లాయరు ఈ డబ్బా తెరుస్తాడు. అప్పుడు నవ్వేవాళ్లని నేను ఆపలేను. ఒక్కసారి మడిలోకి రండి. నేను చెప్పింది తప్పయితే మళ్లీ మీ కంటికి కనపడను.”

ఆ చివరి మాట గిరిబాబుకి నచ్చినట్టుంది. “పదండి, పదండి. పీడా వదిలిపోద్ది” అంటూ పెరటి దారి పట్టాడు.

ఇంటి వెనకే ఆకుమడి, పడమర నుంచి తూర్పుకి పొడుగ్గా. పడమటి గట్టు అవతల ఎలీషా పొలం. తూర్పు కొసన జీడిమామిడి తోట. పొద్దు బాగా ఎక్కినా ఆకుల మీద ఇంకా మంచు మెరుస్తూనే ఉంది.

సుహాసిని ఎలీషా గట్టు మీద నిలబడింది. “ఇక్కణ్నుంచి మందు కొడితే ముందు ఏ ఆకు మాడాలి?”

“గట్టు పక్కది. ఇదో ప్రశ్నా?”

“మరి చూడండి.”

గట్టు పక్క ఆకు పచ్చగా ఉంది. వంగి వెతికితే ఒకటీ అరా మచ్చ. ఇద్దరూ తూర్పుకి నడిచారు. నడిచేకొద్దీ మచ్చలు చిక్కబడ్డాయి. జీడిమామిడి నీడ పడేచోట ఆకు మొత్తం నిప్పుసెగ తగిలినట్టు మాడి వాలిపోయింది.

“ఎలీషా చల్లిన మందు పక్కనున్న ఆకుని వదిలేసి, ఇంత దూరం ఎగిరొచ్చి ఈ చెట్ల కింద వాలిందా?”

గిరిబాబు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

“తూర్పున చెట్లున్నాయి కాబట్టి ఇక్కడ ఎండ ఆలస్యంగా పడుతుంది. మంచు ఆకు మీదే నిలిచిపోతుంది. ఈ బూజుకి కావాల్సింది అదే. మామూలుగా పుష్యమాసంలో మనకి గట్టి చలి, ఎండెక్కగానే ఆరిపోయే మంచు. ఈ ఏడు తుఫాను వెనకే మబ్బు పట్టింది, వదల్లేదు. చలి ముదరలేదు, తడి ఆరలేదు. అటు కళింగపట్నం వైపు కూడా రెండో పంట ఆకుమళ్లు ఇలాగే మాడాయి. అవన్నీ కూడా ఎలీషాయే మాడ్చాడా?”

“సరే, తెగులే అనుకుందాం.” గిరిబాబు గొంతులో పట్టు సడల్లేదు. “అయితే నాకు మరీ మంచిది. సెయ్యని తప్పుకి ఊరందరి ముందూ తిట్టించుకున్నాడు ఎలీషా. ఇంకా మండిపోయుంటాడు. తెల్లారగట్ల ఒంటరిగా దొరికినాడు, పార పెట్టి కొట్టినాడు. మీ బూజు నా కేసుకి బలమే సేసింది మేడం!”

సుహాసిని మనసులోనే ఒప్పుకుంది. మనిషి మొండివాడే గానీ మొద్దు కాదు. ఎలీషా గడ్డిమందు కొట్టలేదని తేలింది. నరసింగరావుని కొట్టలేదని తేలలేదు. రూబీకి ఏం చెప్పాలి?

“నిన్న వచ్చినప్పుడు మీరు ఫొటోలు తీశారు కదా. చూడొచ్చా?”

“పోలీసు ఫొటోలు మీకెందుకు?”

“మీ కేసు అంత బలంగా ఉంటే చూపించడానికి భయమేముంది?”

ఆ దెబ్బ తగిలింది. గిరిబాబు ఫోన్ తీసి ఒక్కో ఫొటో జరుపుతూ వచ్చాడు. పార. రక్తం పడిన గట్టు. బురదలో ఎలీషా అడుగులు. తర్వాత, జీపు పైకెక్కి తీసినట్టుంది, మడి మొత్తం కనిపించే ఫొటో.

“ఆగండి!”

సుహాసిని అరిచిన అరుపుకి గిరిబాబు ఫోన్ జారవిడవబోయాడు.

ఫొటోలో ఆకుమడి రెండు రంగుల్లో ఉంది. తూర్పు సగం తెల్లగా, మంచు దుప్పటి కప్పినట్టు. పడమటి సగం ముదురు ఆకుపచ్చ. నరసింగరావు పడిన చోట, ఉత్తరం గట్టు దగ్గర ఆ రెండు రంగులూ కలిసే గీత మొదలై, తిన్నగా దక్షిణం గట్టుదాకా పోయింది.

“మంచు తాడు,” అంది సుహాసిని. “మీదీ పల్లెటూరేగా. మంచు తాడు తెలుసు కదా?”

“తెలకపోడమేటి.”

మంచు దిగే రోజుల్లో ఆకుమడి వేసిన రైతులు తెల్లారగానే చేసే పని అది. పొడుగాటి తాడు ఆకు కొనల మీంచి ఈడ్చుకుపోతారు. మంచు రాలిపోతుంది, ఆకు తొందరగా ఆరుతుంది, తెగులు కాస్త వెనక్కి తగ్గుతుంది.

“నరసింగరావు గారు నిన్న తాడు లాగుతూ ఉండగా, సగం మడి అయ్యేసరికి దెబ్బ పడింది. తాడు లాగడానికి ఎంతమంది కావాలి?”

“ఇద్దరు. సెరో గట్టు మీదా ఒకరు.” వెంటనే వేలెత్తాడు గిరిబాబు. “ఆగండాగండి, నాకు తెలుసు మీరెక్కడికి పోతన్నారో. ఒక్కుడైనా లాగొచ్చు. మా నాన్న లాగీవోడు. ఒక కొస రాటకి కట్టీసి, రొండో కొస పట్టుకొని...”

“పట్టుకుని ఎలా నడిచేవారు?”

“ఎలాగేటి, ఇలాగ...” గిరిబాబు చెయ్యి గాల్లో తిరిగింది. సగం తిరిగి ఆగిపోయింది. రాటకి కట్టిన తాడు గుండ్రంగా తిరుగుతుంది. మంచు రాలిన చోటు కొడవలి వంపులా వస్తుంది. ఫొటోలో గీత బద్ద పెట్టి గీసినట్టుంది.

అతను ఫొటోని పెద్దది చేసి చూశాడు. చిన్నది చేసి చూశాడు. ఎలా చూసినా గీత వంగలేదు.

“ఇద్దరూ అడుగులో అడుగేసి నడిచారు, గిరిబాబు గారూ. ఒకరు నరసింగరావు. తాడుకి రెండో కొస ఎవరి చేతిలో ఉంది?”

“ఎలీషా...”

“ముందురోజు సాయంత్రం కొట్టుకోబోయిన మనిషిని తెల్లారగానే పిలిచి, రా నా మడికి తాడు పట్టు అంటారా?”

గిరిబాబు ఫోన్ దించాడు.

“ఇంకోటి. తాడేది? ఫొటోలో లేదు. మీరు పట్టుకుపోయిన వస్తువుల్లో ఉందా?”

“పార ఒక్కటే ఉంది.” మొదటిసారి గిరిబాబు గొంతు తగ్గింది. “తాడు... లేదు.”

సుహాసిని అప్పటికే ఇంటివైపు నడుస్తోంది. నడక కాదది, పరుగే. గిరిబాబు బూట్లు వెనకే టపటపలాడాయి.

పశువుల సాల వంటింటి పక్కనే ఉంది. పెరట్లోంచి ఎవరు సాలలోకి వెళ్లినా వంటింటి గుమ్మం ముందునుంచే వెళ్లాలి. లోపల గేదె ఒకటి మెడ తిప్పి చూసింది. దాని వెనక గోడకి ఇనప మేకు. మేకుకి చుట్టలు చుట్టి, కొస లోపలికి దోపి, ముచ్చటగా వేలాడుతోంది గోగునార తాడు.

“తాడు తాడు సోటే ఉన్నాది,” అన్నాడు గిరిబాబు, వగరుస్తూ.

“అదే కదా నేననేది! నిన్న పొద్దున్న ఈ తాడు మడిలో ఉంది. మంచు రాలిన గీతే సాక్ష్యం. పని సగంలో ఆగింది. మీరొచ్చేసరికి తాడు మాయం. తల పగిలినాయన లేచొచ్చి, దీన్ని చుట్ట చుట్టి, మేకుకి తగిలించి, మళ్లీ వెళ్లి గట్టు మీద పడుకున్నాడా?”

తాడు పోగుల్లో వరి ఆకు తునకలు ఇరుక్కుని ఉన్నాయి. కొన్నిటి మీద అవే నూలుకండె మచ్చలు. గిరిబాబు రుమాలుతో ఒక తునక లాగి, వెలుతురులో పట్టి చూశాడు.

“కానీ మేడం, మనిషిని కొట్టీసినోడు పారిపోతాడు గానీ, తాడు సుట్ట సుట్టుకొని తెచ్చి తగిలిస్తాడా? బుర్ర లేనోడా?”

“బుర్ర కాదు, చెయ్యి చేసిన పనది. ఒళ్లు తెలియనప్పుడు చెయ్యి తనకి అలవాటైందే చేస్తుంది. తాడు మడిలో వదిలేస్తే లేత ఆకు నలిగిపోతుంది. తడి తాడు గట్టు మీద పడేస్తే గోగునార కుళ్లిపోతుంది. పని అవగానే తెచ్చి మేకుకి తగిలించాలని చిన్నప్పుడే ఎవరో నేర్పారు. ఎవరి ఇంట్లో నేర్పారు? ఈ ఇంట్లో. ఎలీషాకి ఈ చీకట్లో, ఈ గేదె వెనక మేకుందని ఎలా తెలుస్తుంది?”

వెనక చిన్న చప్పుడైంది. తాయారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుని ఉంది.

సుహాసిని గొంతు మెత్తబడింది. “అక్కా. మొన్న రాత్రి త్రినాథ్ ఇక్కడే పడుకున్నాడు కదూ? గొడవ సంగతి విని వచ్చుంటాడు. మీకు మోకాలు బాగోలేదు కాబట్టి తెల్లారి బావ వెంట తాడు పట్టడానికి వెళ్లాడు. కొట్టు మందు పనిచెయ్యలేదని, ఆకూ పొట్లమూ వ్యవసాయాఫీసుకి పట్టుకెళ్తానని మీ ఆయన అని ఉంటారు. అది నా ఊహే. కానీ ఇది అగ్గి తెగులని తేలితే ఆ మందు ఉత్త పిండని కూడా తేలుతుంది. కొన్న రైతులంతా ఆ కొట్టు మీద పడతారు. గడ్డిమందన్న మాట అందుకే పుట్టింది. ఎలీషా అందుకే దోషి అయ్యాడు. నిన్న ఈ గుమ్మం ముందునుంచి తాడు పట్టుకుని సాలలోకి వెళ్లిందెవరు?”

తాయారు పెదాలు కదిలాయి.

“మా యమ్మ సచ్చిపోయినప్పుడు ఆడింత పిల్లడు,” అంది చివరికి. చెయ్యి నడుము దగ్గర పెట్టి ఎత్తు చూపించింది. “నా పెళ్లిలో నా కొంగట్టుకొని ఈ ఇంటికొచ్చినాడు. మా ఆయన ఒక్కనాడు కాదన్లేదు. అన్నం తినడం, బట్ట కట్టుకోడం, అన్నీ... అన్నీ నానే నేర్పినాను ఆడికి.”

“అది కాదమ్మా మేడం అడిగింది,” అన్నాడు గిరిబాబు. “సూసినావా, లేదా?”

తాయారు నోరు మూసుకుంది. ఎంత గట్టిగా మూసుకుందంటే, ఇక అది తెరుచుకోదని సుహాసినికి అర్థమైంది.

అప్పుడే ఫోన్ మోగింది. రూబీ. సుహాసిని స్పీకరు నొక్కింది.

“మేడం! నరసింగరావు మావయ్య కళ్లు తెరిసినాడంట! నర్సు సెప్పింది! నీల్లడిగినాడంట!”

తాయారు గుమ్మం వదిలేసి ఒక అడుగు ముందుకేసింది.

“దేవుడికి స్తోత్రం... కానీ మేడం, ఇక్కడ ఏటో తేడాగా ఉన్నాది. ఆ త్రినాథ్ ఆయన్ని విశాఖపట్నం తీసుకుపోతానని సంతకం పెట్టీసినాడు. ఇప్పుడు కదిపితే పేణానికే పెమాదమని డాక్టరు అరుస్తన్నాడు. అయినా ఇనట్లేదు. బయట వేన్ తెచ్చి పెట్టినాడు. అంబులెన్స్ కాదు మేడం, మామూలు వేను. నర్సు తోడొస్తానంటే అక్కర్లేదన్నాడంట. ఎనకాల ఆడొక్కడే కూకుంటాడంట! నన్ను కిందకి తరిమీసినారు. నానేటి సెయ్యాల మేడం? సెప్పండి, నానేటి సెయ్యాల?”

“వేన్ ముందు నిలబడు. అరువు, ఏడువు, ఏదైనా చెయ్యి. కదలనివ్వకు.”

గిరిబాబు అప్పటికే తన ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఆసుపత్రి పోలీసు ఔట్‌పోస్టు. అవతలి మాట వింటున్నకొద్దీ అతని ముఖం ముడుచుకుంది.

“అక్కడి కానిస్టేబులు ఏదో వంక పెట్టి కాసేపు ఆపుతాడంట. ఆ పైన తన వల్ల కాదంటన్నాడు. బావమరిది దగ్గర సుట్టం. సంతకం ఆడిది. నేరం ఆడి మీద లేదు, ఎలీషా మీద ఉంది. నానే రాసినాను ఆ కాగితం.” ఆ చివరి మాట మింగలేక మింగాడు. “ఆడి మాటకి పైమాట ఒక్క భార్యదే. ఫోన్లో ఎవరో ఆడగొంతుక వద్దంటే డాక్టరు ఒప్పుకోడు. మనిషి రావాల. వచ్చి, ఆడి ఎదురుగా నిలబడి, మా ఆయన్ని ఇతని చేతికి ఇయ్యొద్దని సెప్పాల.”

వీధిలోకి చూసి గట్టిగా కేకేశాడు. “జీపు తిప్పరా!”

ఇంజను చప్పుడు మొదలైంది. ఫోన్లో రూబీ ఎవరితోనో పోట్లాడుతోంది. స్ట్రెచర్ చక్రాలు కిర్రుమంటున్నాయి. దూరంగా ఒక మగగొంతు, “తప్పుకోవే! మా బావ, నా ఇష్టం!” అని గద్దించింది. ఆ గొంతు పెరట్లో ముగ్గురికీ స్పష్టంగా వినిపించింది.

గిరిబాబు ఏదో అనబోయాడు. సుహాసిని చెయ్యెత్తి ఆపింది. ఇప్పుడు ఎవరు ఏమన్నా తాయారు ఇంకా లోపలికి ముడుచుకుపోతుంది.

తాయారు ఇద్దరి వంకా చూడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, అదే కొంగు నడుముకి బిగించి దోపింది. వంటింట్లోంచి నడవలోకి, నడవలోంచి వాకిట్లోకి నడిచింది. చెప్పులు వేసుకోలేదు. తలుపు దగ్గరకి లాగలేదు. ఒక్క మాటైనా అనకుండా గుమ్మం దాటి, ఉరుముతున్న జీపు వైపు వెళ్లిపోయింది.